పెరట్లో పసుపు కప్ప: అది విషకప్ప కాదు

చెల్లెమ్మా, టెన్షన్ పడకండి. రాయగడలో మీ పెరటి వాన నీళ్లలో పసుపు కప్పలు చేరాయని, బాబు ఒకదాన్ని పట్టుకున్నాడని, అది వీడియోలో చూసిన విషకప్పేమోనని అడిగారు. కాదు. అవి మన బోదురు కప్పలే. తొలకరికి జతకట్టే రోజుల్లో మగవి నిమ్మపండు రంగుకి మారతాయి, గొంతు దగ్గర నీలం బుడగలు ఉబ్బుతాయి. గుణుపురంలో మా పొలం గట్టున ఏటా చూస్తుంటాను. బాబు చేతులు సబ్బుతో కడగండి, చాలు.

మీరు వీడియోలో చూసింది బంగారు విషకప్ప అయ్యుంటుంది. అది కొలంబియా పసిఫిక్ తీరపు వానాడవుల్లోనే బతుకుతుంది. పొడవు సుమారు 5 సెంటీమీటర్లే, కానీ చర్మంలో బాట్రాకోటాక్సిన్ అనే ఘోరమైన విషం ఉంటుంది. అక్కడి ఎంబెరా తెగవాళ్లు వేట బాణాల మొనలను దాని వీపుకి రుద్దేవారు. ఆ విషం అది అడవిలో తినే చిన్న పురుగుల నుంచి వస్తుంది. మనుషుల పెంపకంలో పుట్టిన కప్పపిల్లలకి విషమే ఉండదు. నాకు బాగా నచ్చేది వాటి తండ్రి ప్రేమ: గుడ్ల నుంచి బయటికొచ్చిన తోకకప్పలను వీపున మోసుకెళ్లి నీళ్లలో దింపుతుంది మగకప్ప.

మీ పెరట్లోవాటిని మాత్రం ఎవరినీ కొట్టనివ్వకండి. పొలాల్లో పురుగులను తినేవి అవే.