అవయవదాన కోఆర్డినేటర్‌గా చేరిన మేనకోడలికి

మల్లేశ్వరం, బెంగళూరు

చిరంజీవికి మేనత్త ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం అందింది. మీ ఆసుపత్రిలో, కోలుకునే ఆశ లేక వెంటిలేటర్ తీసివేశాక గుండె ఆగి మరణించినవారి నుంచి కూడా అవయవాలు సేకరించే ఏర్పాటు చేయబోతున్నారని, ఆ కుటుంబాలతో ఎలా మాట్లాడాలో చెప్పమని అడిగావు. ఐసియులో నర్సుగా పనిచేసి, చివరి ఏడేళ్లు నీ ఉద్యోగమే చేసినదాన్ని గనుక, నాకు అనుభవంలో తెలిసిన మేరకు చెబుతాను.

నేను పనిచేసిన రోజుల్లో దాతలు దాదాపు అందరూ బ్రెయిన్ డెడ్ అయినవారే, అంటే మెదడు చనిపోయి, యంత్రం వల్ల మాత్రమే ఊపిరి ఆడుతున్నవారు. నలుగురు డాక్టర్ల బృందం ఆరు గంటల ఎడంతో రెండుసార్లు పరీక్షించి నిర్ధారించేది. అప్పట్లో నాకెదురైన పెద్ద కష్టం, ఛాతీ లేస్తూ పడుతూ ఉన్న మనిషిని చూపించి ఆయన లేడని నమ్మించడం. నీకు ఆ కష్టం ఉండదు. మానిటర్ మీద గీత పడిపోవడం వాళ్లే చూస్తారు. అయితే నీకు వేరొక కష్టం ఉంటుంది: మరణానికి ముందే దానం గురించి మాట్లాడవలసి వస్తుంది. గుండె ఆగిన క్షణం నుంచి అవయవాలకు రక్తం అందదు, ఒంటి వేడిలోనే అవి పాడవడం మొదలవుతుంది. కాలేయానికి సుమారు అరగంట, మూత్రపిండాలకు గంటా, మరికొంత మాత్రమే వ్యవధి ఉంటుంది. కనుక అంగీకారపత్రం ముందే సిద్ధంగా ఉండాలి. బతికి ఉన్న మనిషి మంచం పక్కన ఆయన మరణానంతరం గురించి మాట్లాడటం ఎంత సున్నితమైన పనో నేను వేరే చెప్పనక్కరలేదు.

అందుకే నీవు అన్నిటికన్నా ముందు పట్టుకోవలసిన నియమం ఒక్కటే. వెంటిలేటర్ తీసివేయాలన్న నిర్ణయం వేరు, అవయవాలు ఇవ్వాలన్న నిర్ణయం వేరు. మొదటిది పూర్తిగా ముగిసేవరకు రెండవదాన్ని నోటికి రానివ్వకు. నేను ఈ తప్పు ఒకసారి చేశాను. హిందూపురం నుంచి తెచ్చిన ఒక యువకుడికి మొదటి పరీక్ష అయింది, రెండవది ఇంకా కాలేదు. ఆ మధ్యలో, అర్ధరాత్రి, కారిడార్‌లో నిలబడే నేను దానం మాట ఎత్తాను. అతని అన్న నన్ను చాలాసేపు చూసి, "అయితే మీకు కావలసే మావాడు అయిపోయాడంటున్నారా అక్కా?" అన్నాడు. ఆ కుటుంబం ఆ తరువాత డాక్టరు చెప్పిన ఏ మాటనూ నమ్మలేదు. వారిని తప్పుపట్టే హక్కు నాకు లేదు.

చట్టం కూడా ఈ వేరుపాటునే కోరుతుంది. 1994 నాటి అవయవమార్పిడి చట్టంలో మరణమంటే మెదడు కాండం మరణం మాత్రమే కాదు, గుండె, ఊపిరి ఆగిపోవడం కూడా. కనుక ఈ పద్ధతికి చట్టంలో చోటు లేదని ఎవరైనా అంటే నమ్మకు. ఇక చికిత్స ఆపివేయడానికి 2018లో సుప్రీంకోర్టు దారి చూపింది, 2023 జనవరిలో దాన్ని సులభం చేసింది: ముందు ప్రైమరీ బోర్డు, తరువాత సెకండరీ బోర్డు అనే డాక్టర్ల బృందాలు చూసి ఒప్పుకోవాలి, కుటుంబం సమ్మతించాలి. కర్ణాటక ప్రభుత్వం దానికి అనుగుణంగా 2025 జనవరిలో ఉత్తర్వు ఇచ్చింది. ఆ కాగితాలు పూర్తయినట్లు నీ కళ్లతో చూసిన తరువాతనే నీవు ఆ గదిలోకి వెళ్లు. అవయవాలు తీసే బృందం మరణం ప్రకటించే చోట ఉండకూడదు. వాళ్ల నీలిదుస్తులు బంధువుల కంట కూడా పడనివ్వకు.

గుండె ఆగాక ఎవరూ తాకకుండా వేచి ఉండే వ్యవధి ఒకటి ఉంటుంది. బ్రిటన్, స్పెయిన్ వంటి దేశాల్లో అది ఐదు నిమిషాలు, ఇటలీలో ఇరవై. గుండె తనంతట తాను తిరిగి కొట్టుకోదని నిశ్చయమయ్యేందుకు అది. ఆ తరువాత మంచాన్ని త్వరగా థియేటర్‌కు తోసుకుపోతారు. ఇక్కడే మనవాళ్లకు గుండె పగులుతుంది. అనంతపురం, చిత్తూరు, కోలారు వైపు నుంచి వచ్చే కుటుంబాలు ప్రాణం పోయాక కాళ్ల మీద పడి ఏడుస్తాయి, దాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. కనుక తులసితీర్థం పోయడం, పెద్దల చేత నుదుటిన విభూతి పెట్టించడం, చూడవలసినవారిని పిలిపించడం వంటివన్నీ వెంటిలేటర్ గొట్టం తీయక ముందే నెమ్మదిగా జరిపించు. మంగళసూత్రమూ గాజులూ మెట్టెలూ ఎప్పుడు తీయాలన్నది వాళ్ల ఇంటి పెద్దను ఒకరిని పక్కకు పిలిచి అడుగు. నీకు తోచింది చేయకు. కోసిన దేహంతో పోతే వచ్చే జన్మలో అంగవైకల్యం వస్తుందని ఒక ముసలమ్మ అంటే, వాదించకు. వినేసి కూర్చో. చాలాసార్లు ఆ ఇంట్లో కుర్రవాడే సమాధానం చెబుతాడు.

ముందే చెప్పవలసిన మాట మరొకటి ఉంది. గొట్టం తీసిన తరువాత ప్రాణం పోవడానికి ఎంతసేపు పడుతుందో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. అవయవాలు పనికివచ్చే వ్యవధి దాటితే దానం జరగదు. మనిషిని వార్డుకు తెచ్చి, కన్నుమూసేవరకు సేవ చేస్తారు. ఈ సంగతి తెలియకపోతే, ఇస్తామని మాట ఇచ్చి ఇవ్వలేకపోయామని ఇల్లాలు నిందించుకుంటుంది. నా కాలంలో మొదటి పరీక్షకూ రెండవదానికీ మధ్యలో గుండె ఆగిన ఒక కేసులో అలాంటి నిందనే చూశాను. ఆ రోజు ఇంకేమీ కుదరకపోయినా కళ్లు ఇవ్వగలిగాం.

కళ్ల విషయం ఎప్పుడూ మరువకు. మరణించిన ఆరు గంటల్లోపు కార్నియా, అంటే కంటి ముందుభాగపు పారదర్శక పొర, తీయవచ్చు, దానికి వెంటిలేటరూ బోర్డూ అక్కరలేదు. ఈ ఊళ్లో వివరించడం సులువు: 2021 అక్టోబరు 29న గుండె ఆగి పోయిన కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ రెండు కళ్లు నలుగురికి చూపునిచ్చాయని ఆటోడ్రైవరు కూడా చెబుతాడు. కళ్లు మూసి, మీద తడిదూది ఉంచి, ఫ్యాన్ ఆపి, తల కింద దిండు పెట్టమని వార్డులో చెప్పి ఉంచు.

డబ్బు గురించి వాళ్లు అడగకముందే నీవే చెప్పు: అంగీకారం తరువాత దేహాన్ని నిలిపి ఉంచిన ఖర్చు గానీ, అవయవాలు తీసిన ఖర్చు గానీ దాత కుటుంబం మీద వేయరాదని నియమం ఉంది. బిల్లింగ్ కౌంటర్‌లో కొత్తవారు ఎవరైనా ఉంటే ఆ రాత్రే వెళ్లి చూసుకో, ఎందుకంటే ఒక్క తప్పు రసీదు చాలు, మరుసటి రోజు ఊరంతా మరో మాట అనుకుంటుంది. రోడ్డు ప్రమాదమైతే పోలీసు కాగితమూ పోస్టుమార్టం ఏర్పాటూ ముందుగానే చూడు, లేకపోతే దేహం అప్పగించడం తెల్లవారేదాకా సాగుతుంది. రాష్ట్రంలో అవయవదానాలను సమన్వయం చేసే జీవసార్థకతే సంస్థ కార్యాలయం నంబరు ఫోనులోనే కాదు, కాగితం మీద కూడా రాసి ఉంచుకో.

వచ్చే ఆదివారం భోజనానికి రా. నా పాత నోటుపుస్తకంలో నేను బంధువులను అడిగిన ప్రశ్నలు, వాళ్లు ఇచ్చిన సమాధానాలు రాసి ఉన్నాయి. పేర్లు లేవు, చదవడానికి ఇబ్బంది లేదు. పట్టుకుపోదువు గాని.

ఇట్లు,
మీ మేనత్త