చలి దేశానికి తోలు గ్లౌజులు కొనేటప్పుడు ఒక సైజు పెద్దవి తీసుకోవాలా?

అడిగినవారు జనవరిలో చదువుకని యూరప్ వెళ్తున్నారట. లోపల ఇంకో ఉన్ని జత పట్టేలా ఒక సైజు పెద్దవి కొనమని స్నేహితులు చెప్పారట. నిజమేనా, వాటికి షూ పాలిష్ రాయొచ్చా అన్నది ప్రశ్న.

పెద్దవి కొనకండి. ఆ సలహా ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు. మా నాన్న ఏటా దసరాకి చొక్కా కుట్టించేటప్పుడు టైలర్‌తో "పెరిగే పిల్లాడు, కాస్త లూజుగా పెట్టు" అనేవారు. పదో తరగతి దాకా నేను తొడుక్కున్నవన్నీ మరుసటి ఏడాది కొలతలే. మనవాళ్ళకి ఒంటికి పట్టినట్టు ఉన్నదేదైనా డబ్బు దండగ. నేను ఫ్రాన్స్‌లో గ్రెనోబుల్‌కి ఉద్యోగానికి వెళ్ళినప్పుడు కూడా ఆ బుద్ధి పోలేదు. మొదటి డిసెంబరులో ఒక పెద్ద షాపులో 'లార్జ్' అని రాసి ఉన్న నల్ల తోలు గ్లౌజులు కొన్నాను. వేళ్ళ చివర అర అంగుళం ఖాళీ. గాలి ఆడుతుంది, మంచిదే కదా అనుకున్నాను.

ఆ ఖాళీ విలువ ట్రామ్ స్టాప్‌లో తెలిసింది. టికెట్ మెషీన్ దగ్గర నిలబడి పర్సులోంచి రెండు యూరోల బిళ్ళ తీయబోతే వేళ్ళకి దొరకదు. వెనక నలుగురు. టెన్షన్‌లో కుడిచేతి గ్లౌజు పళ్ళతో లాగాను, అది వెళ్ళి సగం కరిగిన మంచులో పడింది. అప్పటికే ట్రామ్ వెళ్ళిపోయింది. ఇంటికొచ్చి, తెల్లారేసరికి ఆరిపోతుందని దాన్ని హీటర్ మీద పరిచాను. పొద్దున చూస్తే వేయించిన అప్పడం. వేలు వంచితే చిటుక్కుమంది. తోలు మెత్తగా ఉండటానికి తయారీలోనే నూనెలు పట్టిస్తారు. తడిసిన తోలుకి ఒక్కసారిగా వేడి తగిలితే అది ముడుచుకుని బిగుసుకుపోతుంది, మళ్ళీ మామూలు అవదు.

అప్పటికీ ఆశ చావక వీడియో కాల్‌లో అమ్మకి చూపించాను. "కొబ్బరినూనె రాయరా, మెత్తబడుతుంది" అంది. రాశాను. కొబ్బరినూనె దాదాపు 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, బయట చూస్తే సున్నా. కుట్ల వెంబడి తెల్లగా పేరుకుంది. ఆఫీసులో ఎవరూ ఏమీ అనలేదు కానీ లిఫ్ట్‌లో నా పక్కన మాత్రం వాసన చూసుకున్నారు.

చివరికి ఒక సహోద్యోగి ఊళ్ళో ఉన్న పాత గ్లౌజుల కొట్టుకి తీసుకెళ్ళాడు. కొట్టు నడిపేది ఒక పెద్దావిడ. ఆవిడ నన్ను సైజు అడగలేదు, ఏ చేత్తో రాస్తావని అడిగింది. ఆ అరచేతి చుట్టూ, బొటనవేలు వదిలేసి, వేళ్ళ కణుపుల మీదుగా టేపు చుట్టి "ఎనిమిది" అంది. కౌంటర్ మీద చిన్న దిండు పెట్టి, దాని మీద మోచెయ్యి ఆన్చమంది. గ్లౌజు వేళ్ళని చెక్క పటకారుతో ఒక్కొక్కటే వెడల్పు చేసింది. ముందు నాలుగు వేళ్ళు దూర్చి, తర్వాత బొటనవేలు, ఆ తర్వాత ప్రతి రెండు వేళ్ళ సందులోనూ తన వేలితో నొక్కుతూ కిందికి దించింది. మణికట్టు దగ్గర పట్టుకుని ఒక్కసారి కూడా గుంజలేదు. చేతికి కట్టు కట్టినట్టు ఉంది. నాకొచ్చిన నాలుగు ఫ్రెంచి ముక్కల్లో "పెద్దది" అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపి, కౌంటర్ మీద ఒక నాణెం పెట్టి తియ్యమంది. తీశాను. ఇంకేం మాట్లాడతాను, 110 యూరోలు ఇచ్చేశాను. రెండు వారాల్లో అవి నా చేతి ఆకారానికి వచ్చేశాయి. తోలు అడ్డంగా కొంత సాగుతుంది. పొడవు మాత్రం కొన్నప్పుడే సరిపోవాలి. వేలి చివర ఖాళీ ఉండకూడదు, వేళ్ళ సందుల్లో తోలు ఆనాలి.

ఒక మెలిక చెప్పాలి. ఆ ఎనిమిది మన టేపులో అంగుళాలు కాదు. పాత ఫ్రెంచి అంగుళం సుమారు 27 మిల్లీమీటర్లు, మనది 25.4. నా చేతి చుట్టుకొలత 21.6 సెంటీమీటర్లు. మన టేపుతో ఎనిమిదిన్నర, అక్కడి లెక్కలో ఎనిమిది. ఆన్‌లైన్‌లో కొంటే సెంటీమీటర్లలో కొలిచి, ఆ కంపెనీవాళ్ళ పట్టికే చూడండి. ఎస్, ఎమ్, ఎల్ అని మూడు అక్షరాలతో సరిపెట్టేవాళ్ళ దగ్గర కొనొద్దు. లోకంలో మూడు రకాల చేతులే ఉన్నాయా?

ఈ కొలతల పద్ధతికి మూలపురుషుడు గ్రెనోబుల్ వాడే, జేవియర్ జూవిన్. 1830లలో చేతుల్ని కొలిచి సైజులుగా విడదీసి, ఆ ప్రకారం తోలు కత్తిరించే ఇనప అచ్చు చేశాడు. ఊళ్ళో ఆయన విగ్రహం ఉంది, ఆ కూడలికీ ఆయన పేరే. అటుగా వెళ్ళినప్పుడల్లా నాకు మన ఊళ్ళు గుర్తొచ్చేవి. తోళ్ళు నానేసే లందల్లో తంగేడు చెక్క వేసి వాటిని పదును చేసినవాళ్ళకీ పని తెలుసు. వాళ్ళు చేసిన చెప్పులు తొడుక్కుంటూనే వాళ్ళని ఊరి చివర ఉంచాం. ఇది మీరు అడగలేదు, నాకు చెప్పాలనిపించింది.

మీ రెండు జతల ఆలోచనకి వస్తే, లోపల ఉన్ని వేసుకోవడం కంటే ఉన్ని లైనింగ్‌తోనే కుట్టినవి కొనండి. తప్పకుండా తొడిగి చూసే కొనండి, లైనింగ్ వేళ్ళ చివర ముద్దకట్టి ఉంటే చేతికి తెలిసిపోతుంది. తడిస్తే పొడిగుడ్డతో అద్ది, వేళ్ళు సాపు చేసి, గదిలో హీటర్‌కి దూరంగా పరచండి. విప్పేటప్పుడు ఒక్కో వేలి చివర కొంచెం కొంచెం వదులు చేస్తూ లాగండి. ఉండచుట్టి జేబులో కుక్కకండి. చలికాలానికి ఒకటి రెండుసార్లు తోలు క్రీము చాలు, అదీ ముందు లోపలి అంచు మీద రాసి రంగు మారలేదని చూసుకుని.

కాకినాడ తిరిగొచ్చాక వాటికి అసలు కష్టం మొదలైంది. పట్టుచీరలున్న బీరువాలో తోలు పెట్టడానికి అమ్మ ఒప్పుకోలేదు, ప్లాస్టిక్ కవర్లో చుట్టి చెప్పుల స్టాండులో పెట్టింది. ఆగస్టుకల్లా బూజు. వరండాలో పొడిగుడ్డతో దులిపి, నీడలో రెండు రోజులు ఆరబెట్టాను. ఇప్పుడు నూలు సంచిలో, కొత్త బూట్లతో వచ్చే సిలికా పొట్లాలు రెండు వేసి, నా పుస్తకాల అలమరలో పెట్టుకున్నాను.

షూ పాలిష్ మాత్రం వద్దు. ఆ చేత్తో ముట్టుకున్న ప్రతిదానికీ అంటుతుంది, ముందు మీ ముక్కుకే.