మతిమరుపా? ముందు బి12 చూపించండి

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా అత్తగారికి 68 ఏళ్లు, పూర్తి శాకాహారి. పదేళ్లుగా షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. ఆరు నెలలుగా మతిమరుపు పెరిగింది. గ్యాస్ కట్టేయడం మరిచిపోతున్నారు, అరికాళ్లు తిమ్మిర్లంటున్నారు. పొద్దున చద్దన్నం, రాత్రి చోడి (రాగి) అంబలి తప్ప ఏదీ ముట్టరు. 54 కిలోల మనిషి 49కి వచ్చారు. తిండి తగ్గితే డిమెన్షియా వస్తుందా? టానిక్ ఏదైనా ఇవ్వమంటారా?

జవాబు: టానిక్ కొనకండి. ముందు రక్తపరీక్ష చేయించండి. శాకాహారం, ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్, కాళ్ల తిమ్మిర్లు, మతిమరుపు కలిశాయంటే మొదటి అనుమానం విటమిన్ బి12 లోపం మీదే. అదే కారణమైతే త్వరగా పట్టుకుంటే చాలావరకు నయమవుతుంది, ఆలస్యమైతే నరాలు పూర్తిగా కోలుకోకపోవచ్చు. అందుకే ఈ వారమే వెళ్లండి.

బి12, హిమోగ్రామ్ (రక్తకణాల లెక్క), థైరాయిడ్ టీఎస్‌హెచ్ అడగండి. రక్తం ఇచ్చేదాకా బి-కాంప్లెక్స్ వేయకండి, అంకె తప్పుగా పెరిగి కనిపిస్తుంది. బి12 సాధారణంగా మిల్లీలీటరు రక్తానికి 200 పికోగ్రాముల లోపుంటే లోపమే, 200-300 మధ్య అయితే లక్షణాలను బట్టి డాక్టర్ నిర్ణయిస్తారు. లోపం తేలితే 1000 మైక్రోగ్రాముల ఇంజక్షన్లు మొదట దగ్గర దగ్గరగా, తర్వాత వారానికొకటి, ఆపైన నెలకొకటి ఇస్తారు. ఫోలిక్ యాసిడ్ ఒక్కటే మింగిస్తే రక్తహీనత సర్దుకున్నట్టుంటుంది గానీ నరాల దెబ్బ లోపల ముదురుతుంది. మెట్‌ఫార్మిన్ మీ అంతట మీరు ఆపకండి.

ఇక బరువు. ఆరు నెలల్లో 5 శాతం తగ్గినా పట్టించుకోవాలి, ఈవిడ 9 శాతం తగ్గారు. డిమెన్షియా బయటపడక ముందే కొందరికి బరువు పడిపోతుంది. తిండి తగ్గి మతి తప్పిందో, మతి తప్పి తిండి తగ్గిందో బయటినుంచి చెప్పలేం. అందుకే ఆ రెండూ డాక్టర్‌కి చెప్పాలి.

చద్దన్నం మానిపించక్కర్లేదు. అందులో ప్రోటీన్ తక్కువ, అంతే. గడ్డపెరుగు కలపండి, మధ్యాహ్నం మెత్తటి ముద్దపప్పు పెట్టండి, రోజుకి రెండు గ్లాసుల పాలు తాగించండి. కిడ్నీ జబ్బు లేకపోతే రోజుకి 50-60 గ్రాముల ప్రోటీన్ అందాలి. చోడిపిండిలో, ఆకుకూరల్లో బి12 ఉండదు. పాలల్లో ఉంటుంది గానీ, మెట్‌ఫార్మిన్ దాన్ని సరిగా ఒంటబట్టనివ్వదు కాబట్టి లోపం పూడ్చడానికి పాలు చాలవు. పళ్ల సెట్టు వదులైందేమో కూడా చూడండి. నమల్లేక అంబలితో సరిపెట్టుకునేవాళ్లు చాలామంది.

బి12 బాగానే ఉండి మతిమరుపు తగ్గకపోతే బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో చూపించండి. లోపం లేనివాళ్లకు విటమిన్ మాత్రలతో జ్ఞాపకశక్తి పెరగదు. మెట్‌ఫార్మిన్ కొనసాగినన్నాళ్లూ ఏడాదికోసారి బి12 పరీక్ష చేయించండి.