కిటికీకి రెండు పొరల కర్టెన్లు

ప్రశ్న: మాది ఆదిలాబాద్. మందపాటి కర్టెన్ వేసినా రాత్రిళ్లు కిటికీ పక్క మంచం మీద చలి కొడుతోంది. ఏం చేయాలండీ?

జవాబు: లోపం బట్టలో కాదండీ, సందుల్లో ఉంది. అద్దం దగ్గర చల్లబడిన గాలి బరువెక్కి కర్టెన్ కింది నుంచి గదిలోకి జారుతుంది. పైసందులోంచి వెచ్చని గాలి మళ్లీ అద్దం వైపు వెళ్తుంది. డబుల్ రాడ్ బిగించి, అద్దం వైపు పల్చటి తెర, గది వైపు లైనింగ్ ఉన్న మందపాటి కర్టెన్ వేయండి. 4 అడుగుల కిటికీకి 5 అడుగుల రాడ్, 10 అడుగుల వెడల్పు బట్ట కావాలి. అంచు నేలకు తాకాలి, కిటికీ గట్టు దగ్గర సందు వదిలి ఆగితే ఫలితం తగ్గుతుంది. స్లైడింగ్ కిటికీ అయితే రెక్కల అంచున ఉండే నూగు పట్టీ అరిగిందేమో చూసి, ముందు అది మార్పించండి. పొద్దున్నే కర్టెన్ తీసి అద్దం మీది చెమ్మ తుడవకపోతే లైనింగ్‌కు బూజు పడుతుంది. అన్నట్టు, బొగ్గుల కుంపటి పెట్టుకునే గదిని మాత్రం ఇలా బిగించకండి. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే, కంటికి కనపడని, వాసన లేని విషవాయువుతో ప్రాణానికే ముప్పు.