మా ఆయనకు చదవడం రాదని ఎనిమిదేళ్లకు తెలిసింది

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా చీపురుపల్లి దగ్గర పల్లె. నేను ఇంటర్ చదివాను. మా ఆయన తాపీ మేస్త్రి. పదో తరగతి చదివారని చెప్పి పెళ్లి చేశారు. పోయిన నెల మా అమ్మకు ఆపరేషన్ అయితే విశాఖ వెళ్లాను. బాబుకు జ్వరం మందు ఏది ఎప్పుడు వెయ్యాలో వాట్సాప్‌లో రాసి పంపితే బొటనవేలు బొమ్మ పెట్టారు. మందు మాత్రం వెయ్యలేదు. తిరిగొచ్చి నిలదీస్తే, తనకు అక్షరం ముక్క రాదని తల దించుకుని చెప్పారు. ఎనిమిదేళ్లు నన్ను మోసం చేసినట్టే కదా? మా ఊళ్లో ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్లు సాయంత్రాలు పెద్దలకు చదువు చెబుతున్నారు. వెళ్లమంటే "ఈ వయసులో పలక పట్టుకోమంటావేటి, ఊరంతా నవ్విపోద్ది" అంటున్నారు. నేనే నేర్పబోతే రెండో రోజే గొడవైంది. పుట్టింట్లో చెప్పాలా? ఏం చెయ్యను?

జవాబు: అమ్మా, ముందు బాబు బాగున్నాడు కదా? మీ ఉత్తరంలో ఆ ముక్క లేదు. బాగానే ఉండి ఉంటాడనుకుని రాస్తున్నాను.

మీ కోపం న్యాయమైనదే. అబద్ధం చెప్పి పెళ్లి చేయడం తప్పు. అందులో పెద్దవాళ్ల వాటా ఎక్కువ, ఆయన వాటా కూడా ఉంది. ఈ మాట ఆయనతో ఒకసారి సూటిగా అనేయండి. అన్నాక మళ్లీ తవ్వకండి. ఎప్పుడూ వాయిస్ మెసేజ్‌లే పంపడం, బ్యాంకుకెళ్తే కళ్లజోడు మర్చిపోయానని పక్కవాళ్ల చేత ఫారం నింపించడం, ముగ్గు వేసినట్టు ఒక్కో గీతా నిదానంగా గీసి సంతకం పెట్టడం... ఇలాంటివి ఇప్పుడు మీకు ఒక్కొక్కటే గుర్తొస్తుంటాయి. ఎనిమిదేళ్లు, అదీ సొంత ఇంట్లో, ఏ రోజు దొరికిపోతానో అన్న టెన్షన్‌తో బతికిన మనిషి ఆయన. వెనకటికి వేలిముద్ర వేసేటప్పుడు కనీసం పక్కవాళ్లకు తెలిసేది. ఇప్పుడు ఫోన్‌లో బొటనవేలు పెడితే ఎవరికీ అనుమానం రాదు.

ఊరు నవ్వుతుందన్న భయాన్ని కొట్టిపారెయ్యకండి. 2011 జనాభా లెక్కల ప్రకారం మీ జిల్లాలో అక్షరాస్యత సుమారు 59 శాతం, పక్కనున్న శ్రీకాకుళంలో 62. అంటే ఆయనలాంటి వాళ్లు వీధికి నలుగురుంటారు. కానీ ఈ లెక్క చెబితే మగవాడికి ఊరట కలగదు. చదువు రానివాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ కాబట్టి పెద్దల బడి అంటే చాలాచోట్ల డ్వాక్రా సంఘం మహిళలే కనిపిస్తారు. వాళ్ల మధ్య, వాళ్ల ఇళ్లకు గోడలు కట్టిన మేస్త్రి పలక పట్టుకుని కూర్చోవాలి. నాకైనా కాళ్లు రావు.

1990ల్లో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచే రోజుల్లో నేనూ ఒక రాత్రి బడిలో చెప్పాను. మొదటి వారమే ఒక పెద్దాయన్ని అందరి ముందూ బోర్డు మీద పేరు రాయమన్నాను. ఊళ్లో నలుగురికి తగువు తీర్చే మనిషి. సుద్దముక్క పట్టుకుని కాసేపు నిలబడి, "గేదెకి నీళ్లెట్టాలి" అని దిగి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. ఆ తప్పు నాది.

అందుకని ఆయన్ని పంపే ముందు మీరొక్కరే వెళ్లి ఆ సంస్థ వాళ్లతో మాట్లాడండి. పేరు చెప్పక్కర్లేదు, "మా బంధువు ఒకాయన" అనండి చాలు. విడిగా ఒక వాలంటీరు కూర్చుని చెప్పే వీలుందా? పని మీద రోజూ వెళ్లే చీపురుపల్లిలోనో గరివిడిలోనో నేర్చుకోవచ్చా? స్లాబు వేసే రోజు రాలేకపోతే ఊరుకుంటారా? ఇంకోటి, ఫొటోలు తీస్తారా? చందాలిచ్చేవాళ్లకు చూపించడానికి కొన్ని సంస్థలకు ఫొటోల పిచ్చి ఉంటుంది. మా వాడి ఫొటో వద్దని ముందే చెప్పండి. అందుకు ఒప్పుకోకపోతే ఇంకో చోటు చూసుకోండి. మండలంలో డ్వాక్రా సంఘాల పని చూసే వెలుగు కార్యాలయంలోనో, జిల్లా వయోజన విద్యాశాఖలోనో అడగండి. 2022లో మొదలైన కేంద్ర పథకం ఒకటుంది, ఉల్లాస్ అంటున్నారు. 15 ఏళ్లు దాటిన ఎవరైనా చేరొచ్చు, చెప్పేవాళ్లు జీతం లేని వాలంటీర్లు. చివర్లో చదవడం, రాయడం, లెక్కలు కలిపి 150 మార్కులకు చిన్న పరీక్ష ఉంటుంది.

మీరు నేర్పడం మాత్రం మానెయ్యండి. మొగుడూ పెళ్లాల మధ్య పలక వస్తే రెండో రోజు గొడవ రావడం మామూలే. బహుశా మీరు "అ ఆ ఇ ఈ" నుంచి మొదలుపెట్టి ఉంటారు, పైగా బాబు చూస్తుండగా.

పని తెలిసిన వాలంటీరు అక్కడ మొదలుపెట్టరు. ఏం పని చేస్తారు, ముందు ఏది చదవాలనుంది అని అడుగుతారు. మీ ఆయన విషయంలో పాఠం దానంతటదే వచ్చేస్తుంది: ఇటుక, ఇసుక. రెండూ పక్కపక్కన రాసి చూడండి. ముందు ఇ, చివర క, నడుమ అక్షరానికి ఒకటే కొమ్ము, మారింది ట, స మాత్రమే. ఒక్క సాయంత్రంలో నాలుగు అక్షరాలు, ఒక గుణింతం గుర్తు పట్టేస్తారు. అవి రోజూ ఆయన చేతిలో పడే వస్తువులు కాబట్టి మర్చిపోరు. ఇక అంకెలంటారా, టేపు మీద అడుగులూ అంగుళాలూ చూసి, గదికి ఎన్ని బస్తాల సిమెంటు పడుతుందో నోటితో చెప్పే మనిషికి ఎవరు నేర్పాలి? వాలంటీరు ఆ లెక్కే కాగితం మీద పెట్టిస్తే చాలు. ఆయన మన యాసలో "బేగి" (త్వరగా), "గుంటడు" (పిల్లాడు) అంటే దిద్దే వాళ్లు దొరికితే మాత్రం జాగ్రత్త. మన శ్రీకాకుళం జిల్లాలోనే పుట్టిన గిడుగు రామమూర్తి గారు సవర గిరిజన పిల్లలకు సవర మాటతోనే చదువు మొదలుపెట్టారు.

ఎన్నాళ్లు పడుతుందంటారా? మా రోజుల్లో మూడు వాచకాలకు 200 గంటలు లెక్క వేసేవారు. రోజుకు గంట చొప్పున ఆరేడు నెలలు. సంక్రాంతికి, పైడితల్లమ్మ పండక్కి బళ్లు ఖాళీ అయ్యేవి కాబట్టి ఇంకో నెల కలుపుకోండి. అయ్యాక కూడా ఇంట్లో ఏదో ఒకటి చదువుతూ ఉండాలి. లేకపోతే ఏడాదిలో మళ్లీ సంతకం దగ్గరికే వస్తారు. ఓపెన్ స్కూల్లో పది రాస్తే పెళ్లినాటి అబద్ధం నిజమైపోతుంది, కానీ ఆ జోకు ఇప్పుడే వెయ్యకండి.

పుట్టింట్లో చెప్పడం గురించి: ఆ రహస్యం ఆయనది. చెప్పనా అని ఆయన్నే అడగండి. వద్దంటే వద్దు.

ఈలోగా బాబు మందు సీసాలకు రంగు దారం కట్టండి. పొద్దుటిదానికి పసుపు, రాత్రిదానికి నీలం. మీరు ఊళ్లో లేనప్పుడు ఫోన్‌లో రాయకండి, మాట్లాడి పంపండి.