మునిగిన ఓడలో దొరికిన సొత్తు తీసినవాళ్లకి చెందకపోవడం అన్యాయం కాదా?

కోట్లు ఖర్చుపెట్టి సముద్రం అడుగు నుంచి నాణేలు తీస్తే కోర్టు మొత్తం స్పెయిన్‌కి ఇచ్చేయమంది, ఇదెక్కడి న్యాయం అని అడిగారు. మాది వైజాగ్, ట్యాంకర్ల మీద ఇంజనీరుగా చేస్తాను. నా లెక్కలో అందులో అన్యాయమేం లేదు.

సాల్వేజ్ డబ్బు, అంటే ఆపదలో ఉన్న ఓడని కాపాడినందుకు ఇచ్చే ప్రతిఫలం, మాకు కొత్త కాదు. ఓసారి నడిసముద్రంలో మా మెయిన్ ఇంజన్ ఆగిపోయి గాలికి కొట్టుకుపోతుంటే టగ్ (ఓడల్ని లాగే చిన్న ఓడ) వచ్చి తాడేసి లాక్కెళ్లింది. ఓడ దక్కింది కాబట్టి వాళ్లకి గట్టిగానే ముట్టింది, దక్కకపోతే పైసా రాదు. ఆ డబ్బు మీద మాకెవరికీ ఏడుపు లేదు. కానీ రెండొందల ఏళ్లుగా అడుగున పడున్న ఓడని దేన్నుంచి కాపాడినట్టు?

పైగా ఆ నాణేలు దొరికిన మెర్సెదెస్ అనే ఓడ స్పెయిన్ యుద్ధనౌక. 1804 అక్టోబర్ 5న పోర్చుగల్ దగ్గర బ్రిటిష్ నౌకల కాల్పుల్లో పేలిపోయింది. దియెగో దె అల్వేర్ అనే నౌకాదళ అధికారీ, ఆయన పెద్ద కొడుకూ వేరే ఓడలో ఉండి బతికారు, ఆయన భార్యా మిగతా పిల్లలూ ఇందులో పోయారు. 2007లో ఒడిస్సీ అనే అమెరికన్ కంపెనీ అక్కడి నుంచి 17 టన్నుల నాణేలు, దాదాపు 6 లక్షలు, తీసి జిబ్రాల్టర్ మీదుగా విమానంలో ఫ్లోరిడాకి తరలించింది. ఓడ పేరు చెప్పకుండా 'బ్లాక్ స్వాన్' అంది. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. యుద్ధనౌక మునిగినా ఆ దేశానిదే అని కోర్టులు తేల్చాక, 2012 ఫిబ్రవరిలో ఆ నాణేలు రెండు సైనిక విమానాల్లో స్పెయిన్‌కి వెళ్లాయి.

స్పెయిన్‌లోని కార్తహేనాలో షోర్ లీవ్ (ఓడ దిగి ఊళ్లోకి వెళ్లే సెలవు) దొరికినప్పుడు ఆర్క్వా అనే సముద్రగర్భ పురావస్తు మ్యూజియంలో చూశాను వాటిని. కొన్నిటిని శుభ్రం చేశారు, కొన్ని ఒకదానికొకటి అతుక్కుపోయి నల్లటి గడ్డలుగా అలాగే ఉన్నాయి. అమ్మకానికి పోయుంటే ఆ గడ్డల్ని ఎప్పుడో విడగొట్టి ఒక్కో నాణేన్నీ ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి వేలం వేసేవాళ్లు.

అలాగని స్పెయిన్‌కి చప్పట్లు కొట్టమంటే నావల్ల కాదు. ఆ నాణేల్లో చాలావరకు పెరూలోని లిమాలో ముద్రించినవి, వెండి ఆండీస్ గనుల్లోది, అక్కడి జనంతో బలవంతంగా చాకిరీ చేయించి తవ్వించింది. పెరూ కూడా కోర్టుకెళ్లింది, ఎవరూ వినలేదు. నన్నడిగితే సగమైనా లిమా మ్యూజియాలకి పంపాలి.

ఇక కంపెనీ కష్టం అంటారా, ముందే అడిగి ఒప్పందం చేసుకుంటే ఎవరు కాదంటారు? 1941లో జర్మన్ టార్పెడోకి మునిగిన గేర్సొప్ప, కలకత్తాలో బయలుదేరిన ఓడే అది, దాన్నుంచి ఇదే ఒడిస్సీ బ్రిటన్ ప్రభుత్వంతో కాంట్రాక్టు రాసుకుని వెండి కడ్డీలు తీసి 80 శాతం వాటా పట్టుకెళ్లింది.