స్నేహితులతో నాలుగు రోజుల విహారం: అమెరికాకు కొత్తగా వచ్చిన మన జిల్లాల పిల్లలకు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ చదువుకుంటున్న పిల్లలు, ఈమధ్యే ఉద్యోగాల్లో చేరినవాళ్ళు నవంబరు దగ్గరపడుతున్నకొద్దీ ఒకే సందేహం అడుగుతుంటారు. థాంక్స్‌గివింగ్ పండుగ ఆ నెల నాలుగో గురువారం వస్తుంది. మర్నాడు కూడా చాలా ఆఫీసులకు సెలవే కాబట్టి శని, ఆదివారాలతో కలిపి నాలుగు రోజులు చేతికొస్తాయి. స్నేహితులం ఐదారుగురం కలిసి ఎక్కడికైనా వెళ్ళి హాయిగా గడిపి రావాలంటే ఏం చేయాలని వాళ్ళ ప్రశ్న. పాలకొండ నుంచి వచ్చిన ఒక అమ్మాయి మొన్న ఇదే అడుగుతూ, తమ బృందం వేసుకున్న ప్రయాణ పట్టిక కూడా పంపింది. అందులో వాషింగ్టన్, ఫిలడెల్ఫియా, న్యూయార్క్, నయాగరా అన్నీ ఉన్నాయి. న్యూయార్క్ నగరం నుంచి నయాగరాకే సుమారు 400 మైళ్ళు, అంటే శ్రీకాకుళంలో బయలుదేరి విజయవాడ దాటి ఇంకా చాలా దూరం పోయినంత. పండుగ రద్దీలో అంత దూరం కారు నడిపి, అర్ధరాత్రి హోటలు చేరి, తెల్లవారక ముందే మళ్ళీ బయలుదేరితే ఫొటోలు మిగులుతాయేమో గాని ఒంటికి విశ్రాంతి దొరకదు. విశ్రాంతి కోసం వెళ్తున్నప్పుడు మీ ఊరికి నాలుగైదు గంటల దూరంలో ఒకే చోటును ఎంచుకుని, ఒకే ఇంట్లో దిగి, అక్కడే ఉండండి. మిగిలిన ఊళ్ళు ఎక్కడికీ పోవు, మరో సెలవుకు చూడవచ్చు.

అట్లాంటా, షార్లెట్ ప్రాంతాల్లో ఉన్నవాళ్ళకు నేను ముందుగా చెప్పేది టెనెసీ, నార్త్ కరోలినా రాష్ట్రాల సరిహద్దులోని గ్రేట్ స్మోకీ పర్వతాలు. ఆ జాతీయ పార్కుకు ప్రవేశ రుసుము లేదు. 2023 మార్చి నుంచి మాత్రం పదిహేను నిమిషాలకు మించి కారు ఆపాలంటే పార్కింగ్ ట్యాగ్ కొనాలి. అది రోజుకు 5 డాలర్లు, వారానికి 15 డాలర్లు. అక్కడి ఎత్తైన శిఖరం కువోహి 6,643 అడుగులు, అంటే సుమారు 2,025 మీటర్లు. మందస వైపు నుంచి చూసే మన మహేంద్రగిరి 1,501 మీటర్లే. ఆ శిఖరానికి వెళ్ళే రోడ్డును డిసెంబరు 1 నుంచి మార్చి 31 వరకు మూసివేస్తారు కాబట్టి క్రిస్మస్ సెలవుల్లో వెళ్ళేవాళ్ళు దాని మీద ఆశ పెట్టుకోకూడదు. కేడ్స్ కోవ్ అనే లోయలో పదకొండు మైళ్ళ వన్‌వే రోడ్డు ఉంది. పొద్దున్నే వెళ్తే మంచు తెర తొలగుతుండగా జింకలు మేస్తూ కనిపిస్తాయి, పగలు పదకొండు దాటితే కార్ల వరుస తప్ప మరేమీ కనిపించదు.

కొండల్లో అద్దెకిచ్చే చెక్క ఇళ్ళను క్యాబిన్ అంటారు. బుక్ చేసేటప్పుడు ఎంతమంది ఉండవచ్చో రాసిన సంఖ్యను తప్పక చూడండి; ఎనిమిది మందికి ఇచ్చిన ఇంట్లో పన్నెండు మంది దిగితే యజమాని అర్ధరాత్రి ఖాళీ చేయమన్నా మీకు దిక్కుండదు. రద్దు చేసుకుంటే డబ్బు ఏ తేదీ వరకు తిరిగి వస్తుందో కూడా ముందే చదువుకోవాలి. వంటిల్లు ఉన్న ఇంటినే తీసుకోండి. థాంక్స్‌గివింగ్ రోజు చాలా భోజన హోటళ్ళు మూసి ఉంటాయి, పైగా నలుగురూ కలిసి వండుకుని తినడంలోనే సగం ఆనందం ఉంది. కార్తీకమాసంలో మన ఊళ్ళలో ఉసిరిచెట్టు కింద వనభోజనాలకు ఎవరింటి వంటకం వాళ్ళు తెచ్చినట్టే ఇక్కడా పంచుకోండి: ఒకరు పులిహోర పులుసు కాచి సీసాలో తెస్తారు, ఇంకొకరు బెల్లం ఆవకాయ తెస్తారు, ఇంటి నుంచి వచ్చిన భీమాళి తాండ్ర, పలాస జీడిపప్పు ఎవరి పెట్టెలోనైనా ఉండనే ఉంటాయి. ఒక్క విషయం గుర్తుంచుకోండి. ఆ చెక్క ఇళ్ళలో పొగను పసిగట్టే పరికరం వంటింటికి చాలా దగ్గరగా ఉంటుంది. నూనెలో ఎండుమిరపకాయలు, ఆవాలు వేసి పోపు పెట్టగానే చెవులు చిల్లులు పడేలా మోగుతుంది. పొయ్యి మీది ఫ్యాన్ వేసి, కిటికీ తీసి, చిన్న మంట మీద పోపు పెట్టాలే తప్ప ఆ పరికరాన్ని ఊడదీసి పక్కన పెట్టకూడదు. రాత్రి మీరు నిద్రపోతున్నప్పుడు మీ ప్రాణాలు కాపాడవలసింది అదే. మిగిలిన కూర గిన్నెను వసారాలో గాని కారులో గాని వదలకండి. అక్కడ నల్ల ఎలుగుబంట్లు ఉన్నాయి, వాసన పట్టాయంటే కారు తలుపు కూడా వాటికి అడ్డు కాదు. అవి కనిపిస్తే 50 గజాల దూరం తప్పనిసరి అని పార్కు నిబంధన.

కారు విషయంలో మన పిల్లలు ఎక్కువగా పొరబడేది ఒక్కచోటే. అద్దె ఒప్పందంలో ఎవరి పేరుందో వాళ్ళు మాత్రమే నడపాలి. అలసిపోయాడని స్నేహితుడికి స్టీరింగ్ ఇచ్చి ప్రమాదం జరిగితే బీమా వర్తించకుండా పోవచ్చు; అప్పుడు పడే భారం ఒక విద్యార్థి మోయగలిగింది కాదు. అందువల్ల కౌంటరు దగ్గరే రెండో డ్రైవరు పేరు రాయించండి. పాతికేళ్ళు నిండనివాళ్ళకు అదనపు రుసుము వేస్తారు, బాధపడకుండా కట్టేయండి. క్రెడిట్ కార్డుతో వచ్చే బీమా సాధారణంగా ఆ కారుకు జరిగిన నష్టానికే గాని ఎదుటివాళ్ళకు జరిగిన నష్టానికి కాదు. మన రవాణా శాఖ కార్యాలయంలో తీసుకున్న అంతర్జాతీయ పర్మిట్ ఉన్నా అసలు లైసెన్సు కూడా చేతిలో ఉండాలి. శుక్రవారం దాకా సెలవు దొరకనివాళ్ళు ఆఫీసు పని ముగించి రాత్రంతా నడిపే ఆలోచన మానుకోండి. ఆ నెలలో చీకటి పడ్డాక జింకలు రోడ్డు దాటుతుంటాయి, నిద్రమత్తులో ఉన్న కళ్ళకు అవి కనిపించవు. తాగినవాళ్ళు కారు ముట్టుకోనే కూడదు. తాగి నడిపిన కేసులో అరెస్టయితే, శిక్ష పడకముందే వీసాను రద్దు చేసే అధికారం ఈ దేశపు విదేశాంగ శాఖకు ఉంది.

కాగితాల సంగతి చిన్నదే గాని తప్పదు. పద్దెనిమిదేళ్ళు నిండిన విదేశీయులు తమ నమోదు పత్రాన్ని ఎప్పుడూ వెంట ఉంచుకోవాలని ఇక్కడి చట్టం. గ్రీన్‌కార్డు లేనివాళ్ళు ఈ దేశంలోకి వచ్చినట్టు నమోదు చేసిన ఐ-94 ప్రతిని జేబులో పెట్టుకోండి. నయాగరాకు వెళ్ళేవాళ్ళు అమెరికా వైపు నుంచే జలపాతాన్ని చూసి రండి. అవతల కెనడా వైపు నుంచి బాగా కనిపిస్తుందని వంతెన దాటాలంటే ఆ దేశపు వీసా కావాలి, తిరిగి రావడానికి ఇక్కడి పత్రాలన్నీ సరిగ్గా ఉండాలి, విద్యార్థులైతే కాలేజీ ఇచ్చిన ఐ-20 పత్రం మీద కాలేజీవారి ప్రయాణ సంతకం కూడా ఉండాలి. సరదా కోసం చేసే ప్రయాణంలో అంత ఆందోళన అవసరం లేదు.

నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్నది నీళ్ళ గురించి. వేసవిలో, మే చివరి సోమవారం వచ్చే మెమోరియల్ డే, జూలై 4 సెలవులకు సరస్సులకు, జలపాతాలకు వెళ్ళి తిరిగి రాని మన తెలుగు పిల్లల వార్తలు దాదాపు ఏటా చదువుతున్నాం. నాగావళిలోనో వంశధారలోనో ఊరి చెరువులోనో ఈత నేర్చుకున్నవాళ్ళకు నీళ్ళంటే భయం ఉండదు. ప్రమాదం అక్కడే ఉంది. కొండల నుంచి దిగే ఇక్కడి నీళ్ళు మండువేసవిలోనూ చల్లగా ఉంటాయి. దూకగానే ఊపిరి ఒక్కసారిగా ఎగదోసుకొచ్చి, నోరు తెరుచుకుని, నీళ్ళు లోపలికి పోతాయి. ఎంత ఈతగాడికైనా ఆ మొదటి నిమిషంలో ఊపిరి స్వాధీనంలో ఉండదు. జలపాతం కింద మడుగు పైకి నిశ్చలంగా కనిపించినా లోపల సుడి తిరుగుతుంటుంది, ఒడ్డున పాచి పట్టిన రాయి మీద కాలు నిలవదు. స్మోకీ పర్వతాల వాగుల్లో ఈతకు దిగవద్దనే పార్కువారి సలహా. ఫ్లోరిడా వంటి చోట్ల సముద్ర తీరంలో జెండాలు కడతారు: ఒక ఎర్రజెండా ఉంటే కెరటాలు ప్రమాదకరమని, రెండు ఎర్రజెండాలు ఉంటే నీటిలోకి అసలు దిగకూడదని అర్థం. లోపలికి లాగే ప్రవాహంలో చిక్కుకుంటే ఒడ్డువైపు ఎదురీదకుండా తీరానికి సమాంతరంగా పక్కకు ఈది బయటపడాలి. పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉండాలి, కాళ్ళ దగ్గర కాదు. ఒకరు మునిగిపోతుంటే ఇంకొకరు దూకడం వల్లనే చాలాసార్లు ఇద్దరూ పోతున్నారు. తాడో కర్రో తేలే వస్తువో అందించి, వెంటనే 911కు ఫోను చేయండి.

డబ్బు లెక్కలు బయలుదేరక ముందే మాట్లాడుకోండి. ఇల్లు, కారు, సామాన్లు, పెట్రోలు ఎవరి కార్డు మీద పెట్టినా అదే రోజు స్ప్లిట్‌వైజ్ వంటి యాప్‌లో రాసుకుంటే మనసులో మాట మిగలదు. బృందంలో ఇంకా చదువుకుంటున్నవాళ్ళు, ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్ళు ఉంటే సంపాదిస్తున్నవాళ్ళు ఇంటి అద్దెలో కొంత ఎక్కువ వేసుకోవాలని నా అభిప్రాయం. వాళ్ళ వెనక ఊళ్ళో తాకట్టు పెట్టిన పొలం ఉండవచ్చు. రానని చెప్పడానికి మొహమాటపడి అప్పు చేసి వచ్చేవాళ్ళను నేను చూశాను.

కొండల్లో ఫోను సిగ్నల్ ఉండదు. అందుకని మ్యాప్‌ను ముందే ఫోనులో దింపుకోండి, ఇంటికి కూడా ముందే చెప్పండి. శీతాకాలంలో ఇక్కడి తూర్పు తీరం కంటే మన ఊరు పదిన్నర గంటలు ముందుంటుంది. మీరు రాత్రి భోజనానికి కూర్చునే వేళకు అక్కడ తెల్లవారి అమ్మ మీ ఫోను కోసం చూస్తుంటుంది. ఫలానా రోజు నుంచి ఫలానా రోజు వరకు ఫోను కలవదని, ఆ ఇంటి చిరునామా ఇదని, వెంట ఉన్న ఇద్దరి నంబర్లు ఇవని వాట్సాప్‌లో పంపండి.

తిరుగు ప్రయాణం ఆదివారం పొద్దున్నే పెట్టుకోండి, మధ్యాహ్నం దాటితే రోడ్లన్నీ నిండిపోతాయి. కారు అప్పగించే ముందు పెట్రోలు నింపి, నాలుగు వైపులా, మైళ్ళు చూపే మీటరుకూ ఫొటోలు తీసి, రశీదు చేతికొచ్చాకే అక్కడి నుంచి కదలండి.